మామూలు చికిత్సకు తోడుగా మూలికల క్యాప్సూల్: పని చేస్తుందో లేదో తేల్చాలంటే

ప్రశ్న: నేను మూలికా వైద్యంలో పీజీ చేస్తున్నాను. తేలికపాటి వైరల్ జ్వరం, జలుబు, గొంతునొప్పితో వచ్చేవాళ్లకు మా విభాగంలో మూడు మూలికల సారంతో చేసిన క్యాప్సూల్ ఇస్తుంటాం. పారాసిటమాల్ లాంటివి వాళ్లు ఎలాగూ వాడతారు, ఇది వాటికి అదనం. దాదాపు అందరికీ అయిదారు రోజుల్లో తగ్గిపోతోంది. దీన్నే థీసిస్‌గా తీసుకోమని మా గైడ్ అంటున్నారు. అరవై మందిని తీసుకుని ముప్పై మందికి మామూలు చికిత్స, మిగతా ముప్పై మందికి మామూలు చికిత్సతో పాటు క్యాప్సూల్ ఇవ్వాలని ప్లాన్. క్యాప్సూళ్లు తయారుచేసే కంపెనీ వాటిని ఉచితంగా ఇస్తానంది. లెక్కలు కూడా వాళ్ల స్టాటిస్టీషియనే చూస్తారట. చిన్న జబ్బు, ప్రమాదం లేని మందు, తేలిగ్గా అయిపోతుందని అందరూ అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇలా చేస్తే నిజం తెలుస్తుందా? ఇంకా ఏమేం చూసుకోవాలి?

సమాధానం: తెలియదండీ. మీరు రాసిన ప్లాన్‌ను ఉన్నదున్నట్టు అమలు చేస్తే క్యాప్సూల్ గ్రూపే మెరుగ్గా కనబడే అవకాశం చాలా ఎక్కువ. క్యాప్సూల్లో మూలికల సారం ఉన్నా, ఉత్త పిండి ఉన్నా దాదాపు అదే జరుగుతుంది. ఏ ఫలితం వస్తుందో ముందే చెప్పగలిగితే దాన్ని పరీక్ష అని ఎలా అంటాం? మీ టెన్షన్‌కు సరైన కారణమే ఉంది, దాన్ని అణచుకోకండి.

ముందు మీ విభాగం అనుభవం సంగతి. అయిదారు రోజుల్లో తగ్గుతోందన్నారు. మామూలు జలుబు మందు లేకుండానే వారం, పది రోజుల్లో తగ్గుతుంది. పైగా మనిషి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వస్తాడో చూడండి. మొదటి తుమ్ముకు రాడు. రెండు మూడు రోజులు ఓర్చుకుని, ఇక లాభం లేదనుకున్నప్పుడు వస్తాడు. అంటే జబ్బు బాగా ముదిరిన రోజున వస్తాడు. ఆ మర్నాటి నుంచి అది ఎలాగూ దిగుముఖం పడుతుంది. ఆ రోజు చేతిలో ఏది పెట్టినా పేరు దానికే వస్తుంది.

ఈ పొరపాటు పెద్దవాళ్లకూ జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో ప్యాటులిన్ అనే పదార్థాన్ని జలుబుకు వాడి చూశారు. అది ఒక రకం బూజు నుంచి తీసిన సహజ పదార్థం. పెనిసిలిన్ కొత్తగా వచ్చిన కాలం కాబట్టి బూజు మందులంటే అందరికీ ఆశ. 1943లో నౌకాదళంలో చేసిన ఒక చిన్న ప్రయత్నంలో ప్యాటులిన్ వాడినవాళ్లలో సగానికి పైగా 48 గంటల్లో కోలుకున్నారనీ, వాడనివాళ్లలో పదిమందికి ఒకరు మాత్రమే కోలుకున్నారనీ వచ్చింది. అంత తేడా చూస్తే ఎవరైనా నమ్ముతారు. ఆ తర్వాత బ్రిటన్‌లోని వైద్య పరిశోధన సంస్థ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ ఫ్యాక్టరీల్లో, పోస్టాఫీసుల్లో పనిచేసే వెయ్యి మందికి పైగా జలుబు రోగులతో, ఎవరికి ఏది ఇస్తున్నారో ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ తెలియకుండా పరీక్ష చేసింది. 1944లో ఫలితం వచ్చింది. రెండు గ్రూపుల మధ్య తేడా ఏమీ లేదు.

మీ గైడ్ దీనికి జవాబు చెప్పగలరు: "మనకూ పోల్చడానికి రెండో గ్రూపు ఉంది కదా, దానంతట అదే తగ్గే జబ్బు రెండు గ్రూపుల్లోనూ తగ్గుతుంది." ఆ మాట నిజమే, సగం సమస్య అక్కడితో తీరుతుంది. మిగిలిన సగమే మీ ప్లాన్‌ను దెబ్బ తీసేది. మీ రెండు గ్రూపుల మధ్య తేడా మూలిక ఒక్కటే కాదు. ఒక గ్రూపుకు కొత్త క్యాప్సూల్, దాంతో పాటు "మీకు ప్రత్యేకంగా ఏదో ఇస్తున్నాం" అన్న భరోసా, రోజూ మింగడం, మీ నుంచి కాస్త ఎక్కువ పలకరింపు దక్కుతాయి. రెండో గ్రూపుకు ఇవేవీ ఉండవు. పైగా తమకు మందు ఇవ్వలేదన్న నిరాశ ఒకటి. ఇలాంటి జబ్బులో మనం కొలిచేది ఏమిటి? గొంతునొప్పి ఎంతుంది, ఒళ్లు నొప్పులు తగ్గాయా, నీరసం ఎలా ఉంది అన్న మాటలే. రోగి నోటి నుంచి వచ్చే జవాబులవి. భరోసా ఉన్నవాడు ఒక అంకె తక్కువ చెబుతాడు, నిరాశ పడ్డవాడు ఒక అంకె ఎక్కువ చెబుతాడు. వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు, నిజంగానే వాళ్లకు అలా అనిపిస్తుంది. మామూలు చికిత్సనూ, మామూలు చికిత్స ప్లస్ ఇంకొకదాన్నీ ప్లాసిబో (మందులాగే కనబడే, మందు లేని ఉత్త మాత్ర) లేకుండా పోల్చే ఈ పద్ధతి ఎప్పుడూ అనుకూల ఫలితాన్నే పుట్టిస్తుందని ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే వైద్య పరిశోధకుడు 2008లోనే హెచ్చరించారు. అయినా మూలికల మీద ఇలాంటి ట్రయల్స్ ఆగలేదు.

ఈ భరోసా బలం ఎంతో కొలిచిన పరిశోధన ఒకటి ఉంది. మీరు దాన్ని తప్పకుండా చదవాలి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో బ్రూస్ బారెట్ బృందం జలుబు మొదలైన 719 మందిని నాలుగు గ్రూపులుగా విడగొట్టింది. ఒక గ్రూపుకు ఏ మాత్రా లేదు. ఒక గ్రూపుకు ప్లాసిబో. ఒక గ్రూపుకు ఎకినేసియా అనే మూలిక, కానీ అది మూలికో ప్లాసిబోనో చెప్పకుండా. నాలుగో గ్రూపుకు అదే మూలిక, ఎకినేసియానే అని చెప్పి మరీ. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం వారం పాటు ఉండే జలుబులో మూలిక వల్ల తగ్గినట్టు కనబడింది సుమారు అరరోజు. అదీ యాదృచ్ఛికంగా వచ్చి ఉండొచ్చన్నంత చిన్న తేడా. అసలు విశేషం మరుసటి ఏడాది బయటపడింది. ఎకినేసియా బాగా పనిచేస్తుందని మొదటి నుంచీ నమ్మినవాళ్లు వాళ్లలో 120 మంది ఉన్నారు. ఆ 120 మందిలో, ఏమీ పుచ్చుకోనివాళ్లతో పోలిస్తే ఉత్త ప్లాసిబో పుచ్చుకున్నవాళ్లకు జలుబు సగటున 2.58 రోజుల ముందే తగ్గింది. ఇది చిన్న ఉపగ్రూపు లెక్క కాబట్టి ఆ అంకెను కచ్చితమైనదిగా పట్టుకోకూడదు. అయినా మీ ప్లాన్‌కు ఇది నేరుగా వర్తిస్తుంది. మీ విభాగానికి వచ్చేవాళ్లు మూలికల మీద నమ్మకంతోనే వస్తారు. వాళ్లలో మందు ఇచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ పోలిస్తే, రెండు రోజుల తేడా మూలిక ప్రమేయం లేకుండానే రావచ్చు.

కాబట్టి నేను చెప్పే మొదటి సలహా, మిగతావన్నీ మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి: ప్లాసిబో లేకుండా ఈ ట్రయల్ మొదలుపెట్టకండి. మామూలు చికిత్స ఇద్దరికీ ఇవ్వండి. దాని మీద ఒకరికి మూలికల క్యాప్సూల్, ఇంకొకరికి అచ్చం అలాగే ఉండే ఖాళీ క్యాప్సూల్. రోగికి మందు ఇవ్వకుండా మోసం చేస్తున్నామేమో అన్న బెంగ ఇక్కడ అక్కర్లేదు. మామూలు చికిత్సకు అదనంగా ఇచ్చే ఈ యాడ్-ఆన్ పద్ధతిలో ఉన్న మంచితనమే అది, అవసరమైన చికిత్స ఎవరికీ తప్పదు. ప్లాసిబో ఉంటుందని సమ్మతి పత్రంలో స్పష్టంగా రాస్తారు కాబట్టి మోసం అన్న మాటే రాదు.

ప్లాసిబో తయారీ చిన్న పనేమీ కాదు. మూలికలకు వాసన ఉంటుంది, రంగు ఉంటుంది, చేదు ఉంటుంది. 1975లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలోని 311 మంది ఉద్యోగులతో విటమిన్ సి జలుబుకు పనిచేస్తుందేమో పరీక్షించారు. ప్లాసిబోగా లాక్టోజ్ అనే పాల చక్కెర పెట్టారు. కుతూహలం కొద్దీ చాలామంది క్యాప్సూల్ విప్పి నాలుక మీద వేసుకున్నారు. పుల్లగా ఉంటే విటమిన్, తియ్యగా ఉంటే ప్లాసిబో, ఇట్టే తెలిసిపోయింది. తమది విటమిన్ అని కనిపెట్టినవాళ్లకు జలుబు త్వరగా తగ్గినట్టు వచ్చింది, కనిపెట్టలేనివాళ్లలో తేడా లేదు. అంత పెద్ద సంస్థలోనే ఇలా జరిగింది. మీరు మాత్రం రంగు బయటికి కనబడని గట్టి క్యాప్సూల్ గుల్ల వాడండి. సీసాలోంచి వాసన రెండు గ్రూపుల్లోనూ ఒకేలా రావాలి. ట్రయల్‌తో సంబంధం లేని నలుగురైదుగురికి ఇచ్చి తేడా పట్టగలరేమో ముందే చూడండి. ట్రయల్ చివర్లో రోగిని "మీకు ఏది ఇచ్చామనుకుంటున్నారు?" అని అడిగి రాసుకోండి. సగం మంది మాత్రమే సరిగ్గా ఊహించారంటే దాపరికం నిలిచినట్టు. ఎవరికి ఏ సీసా అన్నది కంప్యూటర్ నిర్ణయించాలి, ఆ జాబితా మీ దగ్గరా మీ గైడ్ దగ్గరా ఉండకూడదు. సోమవారం వచ్చినవాళ్లకు ఇది, మంగళవారం వచ్చినవాళ్లకు అది అనే పద్ధతి వద్దు. తర్వాతి రోగి ఏ గ్రూపులోకి వెళ్తాడో డాక్టరుకు తెలిస్తే, కాస్త గట్టిగా ఉన్నవాళ్లను తెలియకుండానే తనకు నచ్చిన గ్రూపు వైపు తోస్తాడు.

తర్వాత క్యాప్సూల్ లోపల ఏముందన్న విషయం. మీ ఉత్తరంలో మూడు మూలికల సారం అని మాత్రమే రాశారు. ఏ మొక్క, ఏ భాగం, నీటిలో తీసిన సారమా, ఆల్కహాల్‌లోనా, ఒక్కో క్యాప్సూల్లో ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రసాయనం ఆధారంగా మోతాదు సరిచూస్తున్నారు, ఏ బ్యాచ్? మూలికల ట్రయల్స్ గురించి రాసేటప్పుడు ఈ వివరాలన్నీ చెప్పాలని 2006లో కన్సార్ట్ మార్గదర్శకాలకు (ట్రయల్ ఫలితాలను ఎలా రాయాలో చెప్పేవి) ప్రత్యేక అనుబంధమే వచ్చింది. ఇది కాగితాల తంతు అనుకోకండి. మలేరియాకు ఆర్టెమిసినిన్ అనే మందు కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తు యూయూ బృందానికి మొదట్లో అదే మొక్కతో నిలకడైన ఫలితాలు రాలేదు. పాత గ్రంథంలో చల్లటి నీటిలో నానబెట్టి పిండిన రసం ప్రస్తావన చూశాక, వేడి వల్లే గుణం పోతోందేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. తక్కువ వేడికే మరిగే ఈథర్ అనే ద్రవంతో సారం తీస్తే మందు దొరికింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. అంటే ఒకే మొక్క, తీసే పద్ధతి మారితే వేరే మందు. మీ ట్రయల్ ఫలితం మీరు వాడిన ఆ సారానికే వర్తిస్తుంది, ఆ మొక్కల పేరుతో దొరికే ప్రతి పొడికీ కాదు.

పొరపాటున వేరే మొక్క కలిస్తే ఏమవుతుందో బెల్జియం అనుభవం చెబుతుంది. 1990ల మొదట్లో అక్కడ బరువు తగ్గించే మాత్రల్లో ఒక చైనా మూలిక బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది. వంద మందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. వాళ్లంతా మూలిక కదా, ఏమవుతుందిలే అనుకున్నవాళ్లే. కంపెనీ ఇచ్చిన కాగితంతో సరిపెట్టకుండా మీరు వాడబోయే బ్యాచ్‌నే బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. మొక్క గుర్తింపు, సీసం, పాదరసం, ఆర్సెనిక్, పురుగుమందుల అవశేషాలు, సూక్ష్మజీవులు చూడాలి. ఇంకొకటి కూడా. లేబుల్ మీద చెప్పకుండా స్టెరాయిడ్లు, నొప్పి మాత్రల పొడి కలిపిన మూలికా ఉత్పత్తులు ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. జ్వరం, నొప్పులు తగ్గించే క్యాప్సూల్ విషయంలో ఆ పరీక్ష లేకపోతే, మీరు మూలికను పరీక్షిస్తున్నారో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పరీక్షిస్తున్నారో మీకే తెలియదు.

ఎవరిని చేర్చుకోవాలన్నది చిన్న ప్రశ్నలా కనబడుతుంది, కానీ ఫలితాన్ని అదే మార్చేస్తుంది. లక్షణాలు మొదలై 48 గంటలు దాటనివాళ్లనే తీసుకోండి. నాలుగో రోజున వచ్చినవాళ్లలో ఏ మందుకైనా చూపించడానికి మిగిలేది తక్కువ. వీలైతే ఏ వైరసో పరీక్షతో తేల్చండి. లేదంటే మీ అరవై మందిలో ఫ్లూ, మామూలు జలుబు, కోవిడ్, బ్యాక్టీరియా గొంతునొప్పి అన్నీ కలిసిపోతాయి. తేలికపాటి జబ్బు అంటే మీ లెక్కలో ఏమిటో అంకెల్లో రాయండి: ఊపిరి వేగం, ఆక్సిజన్ శాతం, జ్వరం ఎంత వరకు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు వద్దు.

ఏది కొలవాలి? ఇక్కడ పీజీ థీసిస్‌లు దారి తప్పడం చాలా ఎక్కువ. తెల్ల రక్తకణాలు, రకరకాల ఇమ్యూనిటీ అంకెలు, ఏడో రోజు పీసీఆర్ నెగెటివ్, ఇలా చేతికందిన ప్రతిదీ కొలుస్తారు. పీసీఆర్ చచ్చిన వైరస్ ముక్కలకు కూడా పాజిటివ్ చూపిస్తుంది, మనిషి కోలుకున్న వారాల తర్వాత కూడా. ఇమ్యూనిటీ అంకె ఒకటి పెరిగినంత మాత్రాన రోగికి ఒరిగేదేమిటి? అతనికి కావాల్సింది ఒక్కటే, ఎప్పటికి మామూలు మనిషినవుతాను అని. అందుకే ప్రధాన కొలతగా ఒక్కదాన్నే పెట్టుకోండి: ముఖ్యమైన లక్షణాలన్నీ లేకుండా గానీ అతి తక్కువగా గానీ వరుసగా 24 గంటలు గడిచే దాకా పట్టిన సమయం. రోగి చేతికి డైరీ ఇచ్చి ఉదయం, సాయంత్రం నింపించండి. వేసుకున్న ప్రతి పారాసిటమాల్ మాత్రనూ టైముతో సహా రాయించండి. ఈ చివరి మాటను యాడ్-ఆన్ ట్రయల్స్‌లో చాలామంది వదిలేస్తారు. క్యాప్సూల్ నిజంగా పనిచేస్తుంటే ఆ గ్రూపువాళ్లు పారాసిటమాల్ తక్కువ వేసుకుంటారు, అప్పుడు రెండు గ్రూపుల టెంపరేచర్ ఒకేలా కనబడి మందు మంచితనం మరుగున పడిపోవచ్చు. మాత్రల లెక్క ఉంటే ఆ సంగతి తెలుస్తుంది.

కొలతలు ఎన్ని పెరిగితే తప్పుడు ఆశ అంత పెరుగుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై కొలతలు పెట్టుకుంటే, మందు ఏమీ చేయకపోయినా వాటిలో ఒక్కటైనా 'పీ విలువ 0.05 కన్నా తక్కువ' అని (అంటే మందు పనిచేయకపోతే ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 5 శాతం లోపే అని) రావడానికి 64 శాతం అవకాశం ఉంది. వచ్చిన ఆ ఒక్కదాన్ని పట్టుకుని కంపెనీ ప్రకటన వేసుకుంటుంది. అందుకే ప్రధాన కొలతను మొదటి రోగిని చేర్చుకోకముందే బహిరంగ ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు చేయించాలి. అలా ముందుగా నమోదు కాని ట్రయల్స్‌ను ప్రచురించబోమని ప్రముఖ వైద్య పత్రికల సంపాదకుల సంఘం 2005 నుంచే నియమం పెట్టుకుంది.

ఇప్పుడు మీ అరవై. తేలికపాటి జబ్బు తగ్గే కాలం మనిషికీ మనిషికీ చాలా మారుతుంది. ఆ తేడాను, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌ను, నాలుగు రోజులు అనుకుందాం. క్యాప్సూల్ జబ్బును ఒక రోజు తగ్గిస్తుందా అని 80 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే ఒక్కో గ్రూపుకు సుమారు 250 మంది కావాలి. ఒక్కో గ్రూపులో ముప్పై మందే ఉంటే దాదాపు మూడు రోజుల తేడా ఉంటేనే నమ్మకంగా కనబడుతుంది. ఏడు రోజుల జబ్బును నాలుగు రోజులకు దించే మూలికను మీరెప్పుడైనా చూశారా? "ఆసుపత్రిలో చేరే అవసరం తగ్గుతుంది" అని చూపించాలంటే ఇంకా కష్టం. వందలో ఇద్దరు చేరేచోట ఆ సంఖ్య ఒకటికి తగ్గిందని రుజువు చేయడానికి ఒక్కో గ్రూపుకు దాదాపు 2,300 మంది కావాలి. చిన్న ట్రయల్స్ ఎలా ఊగిసలాడతాయో ఎల్డర్‌బెర్రీ అనే పండు సారం కథలో చూడొచ్చు. నార్వేలో 60 మంది ఫ్లూ రోగులతో చేసి 2004లో ప్రచురించిన ట్రయల్‌లో నాలుగు రోజుల ముందే తగ్గిందన్నారు. 2020లో అమెరికాలో 87 మందితో వచ్చిన ట్రయల్‌లో లాభమేమీ కనబడలేదు. ఆ రెండింటిని పక్కపక్కన పెట్టుకుని రోగికి మనం ఏం చెప్పగలం?

మీరు పీజీలో 500 మందిని చేర్చలేరు, అది నాకు తెలుసు. అందుకని థీసిస్ మానేయక్కర్లేదు. అరవై మందితోనే చేయండి, కానీ దాన్ని మందు పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబుగా చూపించకండి. పెద్ద ట్రయల్‌కు ముందు చేసే సన్నాహక ట్రయల్‌గా పెట్టండి. ఎంతమందిని అడిగితే ఎంతమంది ఒప్పుకున్నారు, ప్లాసిబో రహస్యం నిలిచిందా, డైరీలు ఎంతమంది పూర్తిగా నింపారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఏ ఇబ్బందులు వచ్చాయి, జబ్బు తగ్గే కాలం మీ రోగుల్లో నిజంగా ఎంత మారుతోంది, ఇవన్నీ అరవై మందితో చక్కగా తెలుస్తాయి. నిజాయతీగా చేసిన ఇలాంటి థీసిస్‌కు విలువ ఎక్కువ, తర్వాత పెద్ద ట్రయల్ చేయబోయేవాళ్లు దాని మీదే లెక్కలు కడతారు. మీ గైడ్‌కు ఇంకో రెండు కాలేజీల్లో పరిచయాలుంటే ఒకే ప్రోటోకాల్‌తో, అంటే రాసిపెట్టుకున్న ఒకే ట్రయల్ ప్రణాళికతో, ముగ్గురు నలుగురు పీజీలు కలిసి చేయడం ఇంకా మంచిది. మూలికా వైద్యంలో అలాంటి పని జరగాలని నాకు ఎప్పటి నుంచో గట్టి కోరిక.

లెక్కల్లో ఒక తప్పు మాత్రం పదే పదే కనబడుతుంది. "క్యాప్సూల్ గ్రూపులో మొదటి రోజుకూ ఏడో రోజుకూ మధ్య లక్షణాలు గణనీయంగా తగ్గాయి" అని రాసి, దాంతో మందు పనిచేసినట్టే అని తేల్చేస్తారు. ఏడో రోజుకు అందరికీ తగ్గుతాయి. పోల్చాల్సింది ఈ గ్రూపును ఆ గ్రూపుతో, మొదటి రోజును ఏడో రోజుతో కాదు. మధ్యలో మానేసినవాళ్లను కూడా మొదట ఏ గ్రూపులో వేశారో అందులోనే లెక్కించాలి. థాయ్‌లాండ్‌లో నేలవేము సారాన్ని కోవిడ్ రోగులకు వాడి రాసి, పత్రికలో రాకముందే బయటపెట్టిన ఒక పత్రాన్ని (ప్రీప్రింట్) 2021లో రచయితలే వెనక్కి తీసుకున్నారు. గణాంకాల్లో పొరపాటు దొర్లింది, సరిచేశాక తేడా నిలవలేదు. వెనక్కి తీసుకోవడం వాళ్ల గౌరవాన్ని పెంచే పనే, కాకపోతే అప్పటికే ఆ మూలికకు విపరీతమైన ప్రచారం వచ్చేసింది.

ప్రమాదం లేని మందు అన్న మాట నాకు కొంచెం భయం కలిగించింది. అతిమధురం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను ఉసిగొల్పి, హెచ్‌ఐవీ మందు ఇండినావిర్ మోతాదును రక్తంలో సగానికి పైగా తగ్గించేసిందని 2000లో తేలింది. పసుపు, గ్రీన్ టీ గాఢ సారాల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. మీది యాడ్-ఆన్ కాబట్టి ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం, ఎందుకంటే రోగి వేరే మందులతో కలిపే దీన్ని మింగుతాడు. పారాసిటమాల్ కూడా కాలేయం మీదుగానే పోతుందని మరవకండి. మొదటి రోజునా, కోర్సు అయ్యాకా లివర్, కిడ్నీ పరీక్షలు చేయించండి. చివర్లో "ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, కాబట్టి సురక్షితం" అని మాత్రం రాయకండి. మీ క్యాప్సూల్ వేసుకున్న ముప్పై మందిలో ఒక్కరికీ రాకపోయినా, అసలు రేటు పదిమందిలో ఒకరి దాకా ఉండొచ్చు. వంద మందిలో రాకపోతే అది మూడు శాతం దాకా ఉండొచ్చు. అంతకన్నా తక్కువమందికి వచ్చే ప్రమాదాన్ని మీ ట్రయల్ చూడలేదు.

రోగికి ఒక కాగితం తప్పకుండా ఇవ్వండి: ఆయాసం, ఛాతీలో నొప్పి, మగతగా ఉండటం, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చిన జ్వరం, వీటిలో ఏది కనబడినా క్యాప్సూల్ ఆపి వెంటనే రావాలని, ఏ వేళకైనా పలికే ఫోన్ నంబరుతో. చిన్న జబ్బు అనుకున్నది కొందరిలో చిన్నగా ఉండదు. క్యాప్సూల్ వేసుకుంటున్నాం కదా అని ఒక రోజు ఆగినవాళ్ల బాధ్యత మీ మీదే పడుతుంది.

ఇక కంపెనీ. క్యాప్సూళ్లు ఉచితంగా తీసుకోవడంలో తప్పు లేదు, థీసిస్‌లో ఆ సంగతి రాస్తే చాలు. లెక్కలు మాత్రం వాళ్లకు అప్పగించకండి. ట్రయల్‌కు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి వెళ్లకముందే మీ సంస్థలోని స్టాటిస్టీషియన్‌ను కలిసి, ఏ పరీక్ష ఎలా చేయాలో రాయించుకోండి. డేటా మీ సంస్థదనీ, ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు మీకుందనీ, ప్రచురణను కంపెనీ ఆపలేదనీ ఒప్పందంలో ఉండాలి. క్యాప్సూల్ పనిచేయదని తేలితే ఆ మాట కూడా బయటికి రావాలి కదా. అది మింగడానికి ఒప్పుకున్న రోగి మీకు ఇచ్చింది తన ఒళ్లు.

గైడ్‌తో ఎలా మాట్లాడాలో మీరు అడగలేదు గానీ, మీ టెన్షన్‌లో సగం అదేనని నాకనిపిస్తోంది. ఆయన ప్లాన్ తప్పని మొదలుపెట్టకండి. "సార్, ప్లాసిబో లేదని ఎథిక్స్ కమిటీలో అడిగితే ఏం చెప్పాలి? పత్రికకు పంపితే ఇదే ప్రశ్న వేస్తారు కదా" అని అడగండి. బారెట్ ట్రయల్‌ను ప్రింట్ తీసి ఇవ్వండి. ఈ వారంలోనే కంపెనీకి రెండు విషయాలు రాతపూర్వకంగా రాయండి: అదే గుల్లలో, అదే వాసనతో ప్లాసిబో క్యాప్సూళ్లు చేసి ఇస్తారా, మీరు వాడబోయే బ్యాచ్ నమూనాను బయటి ల్యాబ్‌కు పంపడానికి ఒప్పుకుంటారా అని. రెండింటికీ సరేనంటే ప్రోటోకాల్ రాయడం మొదలుపెట్టండి. వాటిలో దేనికి ఒప్పుకోకపోయినా ఆ క్యాప్సూల్‌తో ట్రయల్ మొదలుపెట్టకండి, గైడ్‌ను అడిగి థీసిస్‌కు వేరే మందు గానీ వేరే అంశం గానీ చూసుకోండి.